భీమిలి నుంచి బొర్రా దాకా, వాన వెంట

ఇంటికి చేరి మూడు రోజులైనా నా బూట్లు పూర్తిగా ఆరలేదు. వాటిలో కుక్కిన పాత దినపత్రికల కాగితాలను పూటకొకసారి మారుస్తూ, ఈ నాలుగు రోజుల సంగతులు మనసులో పచ్చిగా ఉండగానే రాసిపెట్టుకుంటున్నాను.

విశాఖపట్నంలో ఆదివారాలు తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద కలిసి సైకిల్ తొక్కే బృందం మాది. మొత్తం తొమ్మిది మందిమి. పోర్టులో పనిచేసి రిటైరైన అరవై నాలుగేళ్ళ పెద్దాయనను అందరమూ మాస్టారు అంటాము. స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసే అన్నయ్య, పిల్లల వైద్యురాలైన డాక్టరమ్మ, బ్యాంకులో పనిచేసే చెల్లెలు, ఇంజినీరింగు రెండో సంవత్సరం చదువుతున్న తమ్ముడు, మిగిలిన మేము నలుగురం తలా ఒక ఆఫీసు వాళ్ళం. గోస్తని నది సముద్రంలో కలిసే భీమిలి దగ్గర మొదలుపెట్టి, అది కొండల్లో బొర్రా గుహల గుండా ప్రవహించే చోటు దాకా నదికి ఎగువగా వెళ్ళాలన్నది ఈసారి మా సంకల్పం. అక్టోబరు రెండో వారం అనుకున్నాము. సరిగ్గా బయలుదేరే ముందు రోజు బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది. ఉత్తరాంధ్రలో కొన్ని చోట్ల మోస్తరు నుంచి భారీ వర్షాలు పడవచ్చునని హెచ్చరిక వచ్చింది. ఆ కొన్ని చోట్లు ఏవో ఇంట్లో కూర్చున్నవారికి తెలియనక్కరలేదు గాని, రోజుకు ఎనభై కిలోమీటర్లు తొక్కేవాడు మధ్యాహ్నానికల్లా వాటిలో ఒకదానిలో తప్పకుండా నిలబడి ఉంటాడు.

యాత్ర మానుకుందామని ఎవరూ అనలేదు. మాస్టారు మాత్రం మూడు షరతులు పెట్టారు. ఉరుము వినబడితే అందరూ దిగి పక్కా కప్పు కిందికి చేరాలి; నీళ్ళు పారుతున్న కల్వర్టు మీద అడుగున రోడ్డు కనబడకపోతే దాటకూడదు; ఎంత బలం ఉన్నా ఎవరూ ఒంటరిగా ముందుకు వెళ్ళకూడదు. ఈ మూడూ నాలుగు రోజుల్లోనూ ఒక్కొక్కటిగా అవసరమయ్యాయి.

అక్టోబరు 10: బీచ్ రోడ్డు, భీమిలి, శృంగవరపుకోట

తెల్లవారుజామున ఐదు గంటలకు కురుసుర జలాంతర్గామి ముందు కలుసుకున్నాము. 1969లో నౌకాదళంలో చేరి 2001లో సెలవు తీసుకున్న ఆ జలాంతర్గామి మరుసటి సంవత్సరం నుంచి ఇసుక మీద మ్యూజియంగా నిలిచి ఉంది. మా ఆదివారాలన్నీ దాని నీడలోనే మొదలవుతాయి. దూరాన సముద్రం మీద మెరుపులు వస్తున్నాయి గాని శబ్దం లేదు. కైలాసగిరి మీది రాడార్ తీసిన చిత్రాన్ని చెల్లెలు ఫోనులో చూపించింది. రంగుల మబ్బు ఇంకా తీరానికి దూరంగానే ఉంది.

చక్రాల్లో మామూలుగా ఉంచే 85 పి.ఎస్.ఐ. గాలిని 70కి దించుకుని బయలుదేరాము. గాలి కొంచెం తగ్గితే టైరు నేలను ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి తడి రోడ్డు మీద అదే క్షేమం. తెన్నేటి పార్కు దాటిన తరువాత గాలి సముద్రం వైపు నుంచి ఏటవాలుగా కొట్టడం మొదలైంది. ఎదురుగాలి అయితే ఒకరి వెనుక ఒకరు తిన్నగా నడిస్తే చాలు. ముందువాడు గాలిని చీల్చుతాడు, వెనుకవాడికి నాలుగో వంతు శ్రమైనా తగ్గుతుంది. పక్కగాలిలో ఆ లెక్క కుదరదు. ముందున్నవారికి కాస్త ఎడమగా, వారి చాటున ఒదిగి ఉండేలా వరుస వాలుగా పరుచుకోవాలి. రోడ్డు ఖాళీగా ఉన్న ఆ వేళలో మాత్రమే అది సాధ్యం. రుషికొండ దాకా రెండేసి నిమిషాలకు ఒకరు చొప్పున ముందుకు వచ్చి గాలిని మోసి, మళ్ళీ పక్కకు తప్పుకుంటూ వెళ్ళాము. మాట్లాడుకునే అవసరం రాలేదు. ముందు చక్రం శబ్దంలోని చిన్న తేడాతోనే ఎదుటివారు అలసిపోతున్నారని తెలిసిపోయే ఆ స్థితి కోసమే నేను తెల్లవారుజామున లేస్తాను. ఒంటరిగా ఎన్ని కిలోమీటర్లు తొక్కినా అది నాకు దొరకలేదు.

మంగమారిపేటలో వలలు సర్దుకుంటున్న ఒక మత్స్యకారుడు మాస్టారును గుర్తుపట్టి పలకరించాడు. “ఏటి మాస్టారూ, ఇయ్యాలే బయిల్దేరినారా? గాలి తూరుపుకి తిరిగిపోనాది. మజ్జానానికల్లా గట్టిగా కొడతాది,” అన్నాడు. పడవలన్నీ ఒడ్డు మీద పైకి లాగి ఉన్నాయి. ఆయన మాట విని వేగం పెంచాము గాని, ఎర్రమట్టి దిబ్బల దగ్గరకు వచ్చేసరికే చినుకులు మొదలయ్యాయి.

వాన పడిన మొదటి పది నిమిషాలే రోడ్డు అన్నిటికన్నా ప్రమాదకరంగా ఉంటుంది. అన్నాళ్ళుగా పేరుకున్న నూనె, ధూళి తడిసి పైకి తేలి పలచని జిగురులా పరుచుకుంటాయి. ఆ తరువాత కురిసే వానే దాన్ని కడిగేస్తుంది. తెల్ల గీతల మీద చక్రం పెట్టవద్దని వరుస ముందు నుంచి వెనుక దాకా ఒకరి నుంచి ఒకరికి మాట అందింది. దిబ్బల వైపు నుంచి ఎర్రటి నీరు సన్నని పాయలుగా రోడ్డుకు అడ్డంగా పారుతోంది. ఏ సముద్రం, ఏ గాలి ఇన్ని వేల ఏళ్ళు ఆ ఇసుకను పోగుచేసిందో గాని, ఒక్క గంట వాన దాన్ని కొంచెం కొంచెం తిరిగి సముద్రానికి అప్పజెప్పడం కళ్ళారా చూశాము. మడ్‌గార్డు ఎందుకో నాకు ఆ పాయల దగ్గరే బాగా అర్థమైంది. అది తొక్కేవారి కోసం కాదు, వెనుక వచ్చేవారి కోసం. తమ్ముడి సైకిలుకు మడ్‌గార్డు లేదు. వాడి వెనుక ఉన్న చెల్లెలి ముఖమంతా ఎర్రగా అయిపోయింది. భీమిలి చేరగానే వాడు ఒక ప్లాస్టిక్ సీసాను కోసి, తాడుతో సీటు కిందికి కట్టి, నాలుగు రోజులూ అలాగే తొక్కాడు.

భీమిలిలో గంటస్తంభానికి దగ్గర్లోని చిన్న హోటల్లో తలా నాలుగు ఇడ్లీ, అల్లం చట్నీ, ఆపైన ఒక్కో పెసరట్టు తిన్నాము. తొమ్మిది మందికీ కలిపి 610 రూపాయలైంది. నీళ్ళు కారుతున్న మమ్మల్ని చూసి కూడా హోటలాయన కుర్చీలు పక్కకు జరపలేదు; పైగా సైకిళ్ళు తడవకుండా వంటింటి వసారాలో పెట్టించాడు. 1861లోనే పురపాలక సంఘమైన ఊరు ఇది. డచ్చి వర్తకుల సమాధులు ఇంకా నిలిచి ఉన్నాయి. ఆ నడి ఉదయపు వానలో మాకు కావలసింది మాత్రం ఏటి మొగ. ఇసుక తిన్నె మీద నిలబడి చూస్తే, గోధుమ రంగు నీరు పచ్చని సముద్రంలోకి కొంత దూరం విడిగా చొచ్చుకుపోయి, ఎక్కడ కలిసిందో తెలియకుండా కలిసిపోతోంది. ఆ గోధుమ రంగు పైన ఎక్కడో కొండల్లో ఇప్పటికే వాన పడుతోందనడానికి గుర్తు అని మాస్టారు అన్నారు.

తగరపువలస దగ్గర జాతీయ రహదారి రద్దీని దాటి పద్మనాభం వైపు తిరిగాక వాన ఆగింది. ఇక్కడే 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి మరణించాడు. జూలై అంటే నాట్లకు నీళ్ళు చూసుకునే రోజులు. ఆ బురదలో తెల్లవారుజామున ఎలా కదిలి ఉంటారోనని, తడిసిన చేల మధ్య తొక్కుతూ చాలాసేపు ఆలోచించాను.

పద్మనాభం దాటాక తమ్ముడు మూడో షరతు మరిచిపోయాడు. వాన ఆగిన ఉత్సాహంలో ముందుకు దూసుకుపోయి, ఒక చీలిక దగ్గర మా కోసం ఆగకుండా కుడికి వెళ్ళాడు. వాడిని పిలుచుకుని రావడానికి అందరమూ అదే దారిన వెళ్ళాము. తారు పోయి కంకర, కంకర పోయి ఇసుక వచ్చి, చివరికి తాటిచెట్ల వరుస దగ్గర దారి నేరుగా గోస్తనిలోకి దిగిపోయింది. వాడు ఒడ్డున నిలబడి ఉన్నాడు. గడ్డిమోపు దింపుకుని కూర్చున్న ఒక అమ్మ మా తొమ్మిది మందినీ చూసి, “ఓలమ్మా, ఇంతమందీ ఏట్లోకే వొచ్చినారేటి! ఎనక్కెళ్ళి రావిసెట్టు కాడ ఎడం సేతికి తిరగండి,” అని చెప్పింది. ఆ తప్పుదారికి రెండు పంక్చర్లు, యాభై నిమిషాలు మూల్యంగా చెల్లించాము. తడిలో పంక్చర్లు ఎక్కువ; తడి టైరుకు రాతిముక్కలు, ముళ్ళు అతుక్కుని తిరుగుతూ లోపలికి దిగుతాయి. అయితే ఆ యాభై నిమిషాలూ మేము నది పక్కనే కూర్చున్నాము. ఆ రోజంతటిలో నీటి చప్పుడు దగ్గరగా విన్నది అక్కడే. తమ్ముడిని ఎవరూ కోప్పడలేదు. మాస్టారు ఆ సాయంత్రం దాకా వాడిని తన పక్కనే ఉంచుకున్నారు, అంతే.

మత్స్యకారుడు చెప్పిన మధ్యాహ్నపు వాన మూడు గంటలకు పట్టుకుంది. ఉరుములు కూడా తోడవడంతో ఒక రామాలయం మండపంలో గంటంబావు ఆగాము. శృంగవరపుకోట, అంటే అందరూ పిలిచే ఎస్.కోట, చేరేసరికి దీపాలు పెట్టారు. ఆ రోజు మొత్తం 84 కిలోమీటర్లు. లాడ్జిలో మూడు గదులు, గదికి 900 రూపాయలు. బట్టలు పిండి ఆరేయడానికి వరండాలో తాడు కట్టుకోవచ్చా అని అడిగితే, లాడ్జి కుర్రాడు తానే తాడు తెచ్చి కట్టాడు.

అక్టోబరు 11: ఎస్.కోట, తాటిపూడి

రాత్రంతా కురిసిన వాన తెల్లవారినా ఆగలేదు. ఆ రోజే ఘాట్ ఎక్కాలన్నది మొదటి ఆలోచన. స్టీల్‌ప్లాంటు అన్నయ్య వెళ్ళి తీరాలన్నాడు. ఆయనకు సెలవు నాలుగు రోజులే, ఇక్కడ ఒక రోజు పోతే, బొర్రాతో పాటు చూడాలనుకున్న అరకు చేరలేము. నేను ఆయన పక్షానే మాట్లాడాను. మాస్టారు, డాక్టరమ్మ వద్దన్నారు. పాలవ్యాను డ్రైవరు కొండ మీద రాళ్ళు జారుతున్నాయని చెప్పడంతో వాదన ముగిసింది. నేను మాట్లాడింది పొరపాటని ఇప్పుడు స్పష్టంగా అనిపిస్తోంది. బృందంలో ఎక్కువ ధైర్యం ఉన్నవారిని బట్టి కాక, ఎక్కువ సందేహం ఉన్నవారిని బట్టి నిర్ణయం జరగాలి. సందేహంతో ఎక్కినవారి చేతులు బ్రేకుల మీద బిగుసుకుపోతాయి, తడి మలుపుల్లో పడేది వాళ్ళే. అరకును వదులుకుని, నది ఉన్న చోటికే వెళ్దామని అప్పుడే తీర్మానించుకున్నాము.

ఆ ఉదయం ఖాళీగా గడవలేదు. తొమ్మిది సైకిళ్ళనూ వరండాలో తలకిందులుగా నిలబెట్టి, గొలుసులు తుడిచి నూనె వేసి, బ్రేకు ప్యాడ్లలో ఇరుక్కున్న ఇసుక రేణువులను సూదితో ఒక్కొక్కటిగా తీశాము. ఆ రేణువులు అలాగే ఉంటే దిగుడులో చక్రం అంచును గీరి పాడుచేస్తాయి. చెల్లెలి వెనుక చక్రం కాస్త వంకరపోయింది. బజారులో పాత సైకిళ్ళు బాగుచేసే ఒక దుకాణానికి తీసుకువెళ్తే, దుకాణదారు ముందు గొడుగు కింద స్టూలు వేసి ఆమెను కూర్చోమని, ఆ తరువాతే చక్రం వైపు చూశాడు. అంత సన్నని టైరు తాను ఎప్పుడూ పట్టుకోలేదని చెబుతూనే, పుల్లలను ఒక్కొక్కటిగా మీటి, శబ్దం విని, బిగించి, వదులుచేసి, అరగంటలో తిన్నగా చేశాడు. నలభై రూపాయలు చాలన్నాడు. వంద ఇస్తే అరవై తిరిగి చేతిలో పెట్టాడు.

నిన్న మేము దాటి వచ్చిన తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి చేసుకున్న తొట్లలో వాననీరు పట్టుకునేవారు; ఆ కొండకు పేరు అందువల్లనే వచ్చింది. వానాకాలంలో భిక్షువులు తిరగడం మాని ఒక్కచోట ఉండిపోవడం వారి నియమం, దాన్ని వర్షావాసం అంటారు. ఎస్.కోట లాడ్జి వరండాలో వేడి చెగోడీలు తింటూ, పక్కవారి మడమ మీది పొక్కులకు పట్టీ వేస్తూ గడిపిన ఆ పూట నాకు ఆ నియమంలోని సుఖం కొంత తెలిసింది. రెండేళ్ళుగా కలిసి తొక్కుతున్నా, అన్నయ్య నాన్నగారు జూట్‌మిల్లు కార్మికులని, రోజూ పన్నెండు కిలోమీటర్లు సైకిలు మీద పనికి వెళ్ళేవారని ఆ వరండాలోనే విన్నాను. రోడ్డు మీద వరుసలో ఇవి మాట్లాడుకోలేము.

మూడు గంటలకు ఎండ వచ్చింది. సంచులు గదుల్లో వదిలి తాటిపూడికి బయలుదేరాము. గోస్తనికి అడ్డంగా 1963లో మొదలై 1968లో పూర్తయిన ఈ జలాశయం నీరే విశాఖ నగరానికి కూడా వస్తుంది. కొండల నడుమ నిండుగా ఉన్న ఆ నీటిని చూస్తూ, మా ఇంటి కుళాయిలో నీరు వచ్చే చోటును ఇన్నేళ్ళలో మొదటిసారి చూస్తున్నానని గ్రహించాను. దూరాన కొండ మీద వాన పడుతుండడం బూడిదరంగు తెరలా కనిపిస్తోంది. మా మీద ఎండ ఉంది. నీటి మీద రెండూ ఉన్నాయి. గట్టు దగ్గర ఒక అవ్వ మొక్కజొన్న పొత్తులు కాల్చి ఇరవై రూపాయలకు ఒకటి అమ్ముతోంది. తొమ్మిది పొత్తులకు పదోది ఊరికే ఇచ్చింది. దాన్ని గింజలుగా ఒలిచి పంచుకున్నాము.

తిరుగుదారిలో ఒక చిన్న కల్వర్టు మీద నీరు పారుతోంది. వెళ్ళేటప్పుడు అక్కడ చుక్క లేదు. లోతు చీలమండ కూడా లేదని అవతలి ఒడ్డున ఒక కుర్రవాడు నడిచి చూపించాడు గాని, మట్టినీటి కింద రోడ్డు అంచు కనిపించడం లేదు. రెండో షరతు ప్రకారం ఆగాము. నలభై నిమిషాలకు నీరు తగ్గి నల్లని తారు బయటపడింది. ఆ తరువాత చీకట్లో, ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం వేసుకుని, గుంత వచ్చినప్పుడల్లా ముందువారు చెప్పిన మాటను వెనుకకు అందిస్తూ ఎస్.కోట చేరాము.

అక్టోబరు 12: ఘాట్ రోడ్డు, అనంతగిరి

విశాఖ వాళ్ళకు ఈ తేదీ మరుపురానిది. 2014లో ఇదే రోజున హుద్‌హుద్ తుపాను మా నగరం మీదనే తీరం దాటింది. ఉదయం టిఫిను దగ్గర ఎవరూ అడగకుండానే ఒక్కొక్కరూ ఆ రోజు ఎక్కడ ఉన్నదీ చెప్పుకొచ్చారు. మాస్టారు పోర్టులో విధుల్లో ఉన్నారు. డాక్టరమ్మ ఆసుపత్రి నుంచి రెండు రోజులు ఇంటికి వెళ్ళలేదు. తమ్ముడు అప్పుడు చిన్న పిల్లవాడు. కిటికీ అద్దాలు పగిలిన శబ్దం, మర్నాడు చెట్లన్నీ పడిపోయి ఆకాశం పెద్దదిగా కనిపించడం మాత్రమే వాడికి గుర్తున్నాయి. గాలీ వానలతో మాకున్న సంబంధం సరదాతో మొదలైనది కాదు. ఆ భయం తెలిసినవాళ్ళం కాబట్టే వాటి మధ్య జాగ్రత్తగా తిరగడంలో ఇంత ఆనందం ఉందని నేను నమ్ముతాను.

బొడ్డవర దాటిన తరువాత రోడ్డు పైకి లేచింది. ఎక్కుడులో గాలిచాటు పనిచేయదు. వేగం గంటకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకు పడిపోయాక ఎవరి బరువు వారే మోయాలి. అయినా ఒకరి ఊపిరి ఒకరికి వినబడేంత దగ్గరగా ఉండటం వల్ల కాళ్ళు ఒక లయకు వస్తాయి. వెనుకబడినవారి వెంట ఉండే పని ఆ రోజు నాది. డాక్టరమ్మ పక్కనే, మలుపు మలుపుకూ ఆగి, నీళ్ళు తాగుతూ ఎక్కాము. మబ్బు మమ్మల్ని మింగి వదిలిపెడుతూ ఉంది. ఒక మలుపులో ఎండ, తరువాతి మలుపులో పది అడుగుల ముందున్న సైకిలు ఎర్రదీపం తప్ప ఏమీ కనిపించని పొగమంచు, ఆ తరువాత జల్లు. రెయిన్‌కోటు వేసుకుంటే లోపల చెమటతో తడుస్తాము, తీసేస్తే వానతో తడుస్తాము. పదిసార్లు వేసి తీశాక డాక్టరమ్మ దాన్ని సంచిలో పెట్టేసి, “ఎక్కుతున్నంతసేపు వెచ్చగానే ఉంటుంది, ఆగినప్పుడు వేసుకుందాం,” అన్నారు. ఆ తరువాత అందరమూ అదే పద్ధతి పాటించాము.

టైడా దాటాక ఎక్కడో పైన, మబ్బులో, గూడ్సు రైలు వెళ్ళే శబ్దం చాలాసేపు వినిపించింది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దింపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం అది. ఈ కొండల్లో 58 సొరంగాల గుండా సాగుతుంది. మాస్టారు ఉద్యోగమంతా ఆ ఖనిజాన్ని ఓడలకు ఎక్కించడంతోనే గడిచింది. సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి, చివరి బోగీ శబ్దం పోయేదాకా ఆయన విన్నారు.

మధ్యాహ్నం పెద్దవాన. ఉరుము వినబడగానే రోడ్డు పక్కన నాలుగు ఇళ్ళున్న గూడెంలోకి పరిగెత్తాము. ఒక ఇంటి అరుగు మీద, మట్టిగోడకు ఆనించిన మా సైకిళ్ళతో సహా, తొమ్మిది మందిమీ పట్టాము. ఇంటి ఆమె లోపలి నుంచి ముందు కూర్చోవడానికి ఈతాకుల చాప, తరువాత చెంబుతో నీళ్ళు, ఆ తరువాత గిన్నెల్లో చోడి (రాగి) అంబలి తెచ్చింది. వెచ్చగా, కాస్త పులుపుగా, ఉప్పు వేసి, పక్కన పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్కతో. చలికి వేళ్ళు కొంకర్లుపోయిన వేళ ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకోవడమే ఒక భోగం. డబ్బు ఇవ్వబోతే ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. బలవంతపెట్టడం మర్యాద కాదని మాస్టారు సైగ చేశారు. ఆమె పిల్లవాడి మోకాలి మీది పుండును డాక్టరమ్మ కడిగి మందు రాసి, మిగిలిన గొట్టం అక్కడే ఉంచారు. పెరట్లో కోసిన సీతాఫలాల బుట్ట అమ్మకానికి పెట్టి ఉంది. అది 150 రూపాయలకు కొన్నాము. ఆ డబ్బు మాత్రం ఆమె లెక్కపెట్టుకుని తీసుకుంది.

సాయంత్రం నాలుగున్నరకు అనంతగిరి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు, కొమ్మల నిండా ఇంకా ఆకుపచ్చగానే ఉన్న కాయలు. రోడ్డు పక్క పాకలో కాఫీ ఇరవై రూపాయలు. రెండేసి తాగాము. రాత్రికి బొంగు చికెన్ చెప్పాము. మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు, వెదురులోని తడికే ముక్క ఉడుకుతుంది. ఆ తడి కట్టెలు అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. వండే అతను ఊదుతూ, మేము గొడుగు పట్టుకుంటూ, తొమ్మిదిన్నరకు బొంగు పగలగొట్టి అరిటాకు మీద దులిపినప్పుడు వచ్చిన వాసన ఇప్పటికీ నా సైకిలు సంచిలో ఉంది. రెండు కిలోలకు 1,100 రూపాయలు తీసుకున్నారు. మాంసం తినని మాస్టారుకు అదే నిప్పుల మీద వేరే బొంగులో అన్నం వండి పెట్టారు.

అక్టోబరు 13: బొర్రా, తిరుగుదారి

పొద్దున్నే బొర్రాకు దిగాము. 1807లో భూగర్భ పరిశోధకుడు విలియం కింగ్ జార్జ్ వీటిని చూసి బయటి లోకానికి చెప్పాడని అంటారు గాని, కొండవాళ్ళ కథ అంతకన్నా పాతది. మేస్తున్న ఆవు ఒకటి పైనున్న రంధ్రంలోంచి లోపల పడిందట; దాన్ని వెతుకుతూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందట. లింగం పైన ఆవు పొదుగులా వేలాడే రాయి నుంచి నీరు కారుతుంది. గోస్తని అన్న పేరు అలా వచ్చింది. నదికి ఆ పేరెలా వచ్చిందో చిన్నప్పుడు బడిలో చదివాను. మూడు రోజులు దానికి ఎదురు తొక్కి వచ్చి, తల మీద ఒక్కొక్క చుక్క పడుతుండగా ఆ రాయిని చూడటం వేరు. గుహ బయట, లోయలో, నిన్నటి వాననీటితో నది గట్టిగా మోగుతోంది. భీమిలి మొగ దగ్గర చూసిన గోధుమ రంగే ఇక్కడా ఉంది.

దిగుడు గురించి కొంత రాయాలి, ఎందుకంటే ఈ యాత్రలో అన్నిటికన్నా శ్రద్ధ అక్కడే పెట్టాము. అంచును పట్టే బ్రేకులు తడిలో వెంటనే పనిచేయవు. మొదటి ఒకటి రెండు చుట్లు నీటిని తుడవడానికే సరిపోతాయి, ఆ తరువాతే పట్టు దొరుకుతుంది. అందువల్ల మలుపు రాకముందే, అవసరం లేనప్పుడే, తేలికగా నొక్కుతూ అంచును పొడిగా ఉంచుకోవాలి. మనిషికీ మనిషికీ ముప్పై మీటర్ల ఎడం పెట్టుకున్నాము. మూడు రోజులు అంత దగ్గరగా తొక్కినవాళ్ళం అంత దూరం దూరంగా, మాటలు లేకుండా, రాలిన ఆకులనూ జారిన మట్టినీ తప్పించుకుంటూ దిగాము. ప్రతి ఐదు కిలోమీటర్లకూ ఆగి లెక్కపెట్టుకున్నాము. తొమ్మిది. మళ్ళీ తొమ్మిది. ఒక మలుపులో అన్నయ్య వెనుక చక్రం ఆకు మీద జారి, పక్కకు వాలి, నేలకు ఆని మళ్ళీ లేచింది. మోచేయి గీసుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. డాక్టరమ్మ కట్టు కట్టినంతసేపూ ఆయన నవ్వుతూనే ఉన్నారు. “రెండో రోజు ఎక్కి ఉంటే ఇది అప్పుడే అయ్యుండేది,” అని మాస్టారు వైపు చూసి అన్నారు.

ఎస్.కోట నుంచి కొత్తవలస, పెందుర్తి మీదుగా ఇంటిదారి లారీల రద్దీ తప్ప చెప్పుకోదగింది కాదు. గాలి మళ్ళీ తూర్పు నుంచి, ఈసారి ఎదురుగా వచ్చింది. కాళ్ళలో బలం మిగిలింది తమ్ముడికి ఒక్కడికే. పెందుర్తి దాకా ఇరవై కిలోమీటర్లు వాడే ముందుండి గాలిని మోశాడు. ఎవరైనా తప్పుకోమంటే తల అడ్డంగా ఊపాడు. వేగం మాత్రం ఒక్కసారి కూడా మా కన్నా ఎక్కువ కానివ్వలేదు. ప్లాస్టిక్ సీసా మడ్‌గార్డు ఇంకా ఊడిపోలేదు.

ఇళ్ళకు విడిపోయే చోట వాన లేదు, కాని మబ్బు కిందికి దిగి ఉంది. ఇల్లు చేరిన ప్రతివారూ కబురు పెట్టాలన్నది మా పద్ధతి. రాత్రి ఎనిమిది లోపల ఎనిమిది కబుర్లు వచ్చాయి. డాక్టరమ్మ కబురు రాలేదు. మాస్టారు ఫోను చేస్తే ఎత్తలేదు. తొమ్మిదింబావుకు ఆమె నుంచి ఒక ఫొటో వచ్చింది. మద్దిలపాలెంలో వాన పట్టుకుంటే ఒక టీ దుకాణం రేకు కింద సైకిలుతో నిలబడి ఉన్నారు. పక్కన తడిసిన అపరిచితులు నలుగురు, అందరి చేతుల్లోనూ ఆ చివరి రెండు సీతాఫలాల ముక్కలు.